పొర మీద పొర

రంగు పెన్సిళ్ల పెట్టె అనగానే ఎవరికైనా బడిసంచీ గుర్తుకొస్తుంది. తల నెరిసినవాళ్లు దాన్ని ముందు పెట్టుకుని కూర్చుంటే చూసేవాళ్లకు నవ్వొస్తుంది. నవ్వినా ఫర్వాలేదు. రెండేళ్లకు పైగా మా ఇంట్లో భోజనాల బల్ల మీద, ఉప్పు డబ్బాకూ మాత్రల డబ్బాకూ మధ్య, ఇరవై నాలుగు రంగు పెన్సిళ్ల రేకుపెట్టె ఒకటి కాపురం పెట్టింది. దాని సంగతి మన పత్రికలో నాలుగు మాటలు రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. ఇందులో పెన్సిళ్ల గొడవ కొంత, భాష గొడవ కొంత. ఏది ఎంతో చదివాక మీరే చెప్పండి.

ఆ పెట్టె మా మనవరాలిది. బెంగుళూరులో చదువుతోంది. 2023 వేసవి సెలవులకు హోసూరు వచ్చినప్పుడు ఆ పెట్టెతో పాటు ఒక పెద్ద బొమ్మల పుస్తకం తెచ్చింది. తిరిగి వెళ్లేటప్పుడు రెండూ ఇక్కడే వదిలేసింది. పుస్తకంలో బొమ్మలన్నీ నల్లటి గీతలే, రంగులు మనం నింపుకోవాలి. రెక్కలున్న సర్పాలు, పుట్టగొడుగుల ఇళ్లు, మబ్బుల మీద కోటలు, పొన్నపువ్వంత కిరీటం పెట్టుకున్న రాజకుమారి. ఇలాంటి పుస్తకాలు ఇప్పుడు పెద్దవాళ్ల కోసమే వస్తున్నాయట. స్కాట్లాండుకు చెందిన జొహానా బాస్‌ఫర్డ్ అనే చిత్రకారిణి 2013లో 'సీక్రెట్ గార్డెన్' అని ఒక పుస్తకం వేస్తే అది లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. అక్కడినుంచి లోకమంతా పెద్దవాళ్లు పెన్సిళ్లు పట్టుకున్నారని మనవరాలు చెప్పింది.

నాకు మాత్రం ఆ పేజీలు కొత్తగా అనిపించలేదు. మా తరం వాళ్లకు రెక్కల సర్పాలనూ ఒంటికన్ను రాక్షసులనూ చందమామ ఎన్నడో చూపించింది. 1947 జులైలో మద్రాసులో పుట్టిన ఆ పత్రిక, రాష్ట్రం బయట ఉన్న మా వంటి ఇళ్లకు ఎంత పెద్ద ఆసరాగా ఉండేదో ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. దాసరి సుబ్రహ్మణ్యం గారి తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ వంటి సీరియళ్లకు 'చిత్రా' వేసిన బొమ్మల్లో ఇవన్నీ ఉండేవి. ఆ వింత మృగాల పేర్ల కోసమే నేను తెలుగు చదవడం గబగబా నేర్చుకున్నాను. తరవాత అదే తెలుగును ముప్పై ఏళ్లకు పైగా బళ్లో చెప్పాను.

ఇక అసలు సంగతి. మావారు రైతు. హోసూరు చుట్టుపక్కల నేలకు రోజాలు బాగా పడతాయి. ఎండ మరీ తీవ్రంగా ఉండదు, రాత్రిళ్లు చల్లగా ఉంటాయి. మొదట ఆరుబయట నాటు రోజాలు, తరవాత పాలిథిన్ కప్పుల కింద పొడుగు కాడల ఎర్రరోజాలు, మొత్తం పాతికేళ్లు పువ్వులే పండించారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి మొగ్గ ఏ మాత్రం విచ్చుకుందో వేలితో తడిమి చూసి కోసే మనిషి. 2022 నవంబరులో ఒకరోజు పొద్దున కత్తెర చేతిలోంచి జారిపోయింది. వంగి తీసుకోబోయి తీసుకోలేకపోయారు. మాట కూడా రాలేదు. మెదడు ఎడమ భాగంలో రక్తనాళం మూసుకుపోయిందన్నారు డాక్టర్లు. ఎడమవైపు దెబ్బ తింటే కుడివైపు కాలూ చెయ్యీ పడిపోతాయి. చాలామందికి మాటలకు సంబంధించిన స్థానాలు కూడా ఆ ఎడమవైపే ఉంటాయి గనక మాట కూడా పోతుంది. దానికి అఫేసియా అని పేరు. మనిషికి అన్నీ తెలుస్తూనే ఉంటాయి, ఎదురుగా ఉన్న వస్తువేదో తెలుసు, దాని పేరే దొరకదు. బావి గట్టు మీద నిలబడి నీళ్లు చూస్తూ, చేద లేక దాహంతో ఉన్నట్టు.

మాది మూడు భాషల ఊరు. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో తమిళం, సంతలో కన్నడం. పొద్దున్నుంచి సాయంత్రం లోపల మూడు భాషలూ మాట్లాడకుండా హోసూరులో ఒక రైతుకు రోజు గడవదు. మావారు పూల మండీలో తమిళంలో బేరమాడేవారు, బెంగుళూరు మార్కెట్టుకు ఫోను చేసి కన్నడంలో పోట్లాడేవారు, ఇంటికొచ్చి తెలుగులో అలిసిపోయేవారు. ఇలాంటి మనిషికి మాట పోతే ఏ భాష ముందు తిరిగొస్తుంది? ఈ ప్రశ్న నాకే కాదు, పండితులకూ వచ్చింది. ఫ్రాన్సులో రిబో అనే ఆయన 1881లోనే, చిన్నప్పుడు నేర్చినది గట్టిగా నిలుస్తుంది గనక తల్లిభాష ముందు వస్తుందన్నాడు. 1895లో పీత్ర్ అనే డాక్టరు, కాదు, జబ్బుకు ముందు ఎక్కువగా వాడుకలో ఉన్న భాషే ముందు వస్తుందన్నాడు. ఇప్పటివాళ్లు ఈ రెండూ అందరికీ వర్తించవనీ, అన్ని భాషలూ కలిసి ఒక్కసారే కోలుకునేవాళ్లే ఎక్కువనీ అంటున్నారు. మావారి విషయంలో మాత్రం తెలుగు ముందు వచ్చింది. మూడో వారంలో ఆయన నోట స్పష్టంగా వచ్చిన మొదటి మాట 'నీళ్లు'. పేరు పెట్టి నన్ను పిలుస్తారేమోనని ఎదురు చూసిన నాకు, ఆ నీళ్లే అమృతమయ్యాయి.

ఆస్పత్రి బెంగుళూరులో. పేరు అవసరం లేదు, మంచి ఆస్పత్రే. మాటలు నేర్పడానికి వచ్చిన అమ్మాయికి కన్నడం, తమిళం, ఇంగ్లీషు వచ్చు. తెలుగు రాదు. రోజూ బొమ్మల అట్టలు చూపించి పేర్లు చెప్పమనేది. ఒకరోజు రంగుల అట్టలు తీసింది. పసుపు రంగు అట్ట చూపించి ఏ రంగని తమిళంలో అడిగింది. మావారు చాలాసేపు పెనుగులాడి, చెమట పట్టి, 'పచ్చ' అన్నారు. ఆ అమ్మాయి కాగితం మీద ఇంటూ గుర్తు పెట్టింది. చామంతి పువ్వు బొమ్మ చూపించింది. మళ్లీ 'పచ్చ'. మళ్లీ ఇంటూ. ఆయన ముఖం చూశాను. పరీక్షలో సరైన జవాబు రాసి సున్నా తెచ్చుకున్న పిల్లవాడి ముఖం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

తప్పు ఆ అమ్మాయిది కాదు. తమిళంలో పచ్చై అన్నా కన్నడంలో పచ్చె అన్నా ఆకుల రంగే. మన తెలుగులో పచ్చ అంటే రెండూను. ఆకుపచ్చ పచ్చే, పసుపుపచ్చ కూడా పచ్చే. బంగారాన్ని పచ్చన అంటాం, పైరునూ పచ్చన అంటాం. కళ్లు పసుపు రంగుకు తిరిగే జబ్బును మనం పచ్చకామెర్లు అంటాం. అదే జబ్బును తమిళంలో 'మంజళ్ కామాలై' అంటారు. మంజళ్ అంటే పసుపు. నేను కుర్చీలోంచి లేచి ఈ మాట ఆ అమ్మాయికి తమిళంలో చెప్పాను. కామెర్ల సంగతి చెప్పగానే టక్కున అర్థమైంది. ఏమీ అనకుండా కాగితం మీద రెండు ఇంటూలనూ కొట్టేసి, రెండు టిక్కులు పెట్టింది. మర్నాడు ఒక చిన్న పుస్తకం తెచ్చి, "మేడమ్, మీ ఇంట్లో వాడే మాటలు ఒక యాభై చెప్పండి" అని తన లిపిలో రాసుకుంది. చెంబు, తలగడ, గొళ్లెం, జాకెట్టు గుడ్డ, సద్ది, మడి, తోపు. ఆ అమ్మాయి తెలుగు పలుకుబడికి మావారు జబ్బు పడ్డాక మొదటిసారి నవ్వారు.

ఒక భాష తెలియకపోతే వచ్చే నష్టం ఎలాంటిదో నాకప్పుడు లెక్కతో సహా తెలిసింది. రెండు మార్కులు. పరీక్షలో పోతే పోయాయనుకోవచ్చు. ఇక్కడ ఆ మార్కులను బట్టే రోగికి ఎంత మెదడు మిగిలిందని అంచనా వేస్తారు.

ఇంటికొచ్చాక మాటల పని నాది, చేతి పని ఫిజియోథెరపీ అబ్బాయిది. భుజం, మోచేయి కొంత త్వరగానే దారికొచ్చాయి. వేళ్లు రాలేదు. చేతిలో అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చేది వేళ్ల సన్నపనేనట. పప్పులో రాళ్లు ఏరించాం, చొక్కా గుండీలు పెట్టించాం, చపాతీ పిండి పిసికించాం. ఏదీ పది నిమిషాలకు మించి ఆయన చెయ్యరు. "చిన్నపిల్లల ఆటలు" అని చేత్తో తోసేసేవారు. అలా ఉండగా మనవరాలు వచ్చి వెళ్లింది. ఒక మధ్యాహ్నం నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఆయన ఆ పుస్తకం తెరిచి, ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని, ఎర్ర పెన్సిలు రెక్కల సర్పం మీద రుద్దుతున్నారు. మూడు ముళ్లు విరిగి పక్కన పడి ఉన్నాయి. కాగితం చిరిగింది. అయినా పెన్సిలు వదల్లేదు.

జబ్బు పడిన చేతికి బలం లేకపోవడం ఒక బాధ, ఉన్న బలాన్ని కొలిచి వాడలేకపోవడం ఇంకో బాధ. పట్టుకుంటే పిడికిలి బిగుసుకుపోతుంది, వదిలితే పెన్సిలు జారిపోతుంది. మధ్యలో మెత్తటి పట్టు అనేది ఉండదు. ఫిజియో అబ్బాయికి చెబితే, పెన్సిలుకు మెత్తటి స్పాంజి చుట్టి లావు చేసి ఇమ్మన్నాడు. "గట్టిగా వద్దు సార్. కాగితాన్ని తాకీ తాకనట్టు" అని ఒక్కటే నియమం పెట్టాడు. తరవాత నాకు తెలిసిందేమిటంటే, రంగు పెన్సిలు విద్యలో కూడా మొదటి నియమం అదే.

పెన్సిలు లోపల ఏముందో తెలిస్తే ఆ నియమం ఎందుకో తెలుస్తుంది. మామూలు రాసుకునే పెన్సిలు ముల్లు గ్రాఫైటూ బంకమన్నూ కలిపి బట్టీలో కాల్చినది. రంగు పెన్సిలును కాల్చరు. కాలిస్తే రంగూ పోతుంది, మైనమూ పోతుంది. రంగుపొడి, తెల్లమన్ను లాంటి పొడి, కాస్త జిగురు, మైనమో నూనెలాంటి పదార్థమో కలిపి ముద్ద చేసి, సన్నటి కడ్డీగా తీసి ఆరబెడతారు. కాగితం పైకి నున్నగా కనబడుతుంది గాని, భూతద్దంలో చూస్తే దున్నిన చేనులా గట్లూ చాళ్లూ ఉంటాయి. పెన్సిలు తేలిగ్గా ఆడిస్తే రంగు గట్ల మీద మాత్రమే అంటుతుంది. చాళ్లు తెల్లగానే మిగిలిపోతాయి. ఆ మిగిలిన చోట్లే రెండో పొరకూ మూడో పొరకూ జాగా. మొదటే గట్టిగా రుద్దామా, మైనం చాళ్లన్నీ నింపేస్తుంది, గట్లు అణిగిపోతాయి, ఆ పైన ఏ రంగు వేసినా సబ్బు మీద నీళ్లలా జారిపోతుంది. రబ్బరు పెట్టి తుడిచినా పూర్తిగా పోదు. చేనును మొదటి దుక్కిలోనే తొక్కి గట్టి చేస్తే విత్తనం పడుతుందా? ఈ పోలిక నాది కాదు, మావారిది. మాటల్లో చెప్పలేక, రెండు అరచేతులతో దున్నినట్టు, తొక్కినట్టు అభినయించి చూపించారు.

పద్ధతి ఇలా కుదిరింది. ముందు వెలుతురు ఏ దిక్కునుంచి వస్తోందో నిర్ణయించుకోవాలి. పేజీ మూలన పెన్సిలుతో చిన్న సూర్యుణ్ని వేసుకుంటాం. వెలుగు నేరుగా పడే చోట కాగితం తెలుపే వెలుగు, అక్కడ దాదాపు ఏమీ వేయకూడదు. మిగతా చోట లేత రంగులు ముందు, ముదురు రంగులు తరవాత. మొదటి పొర అడ్డంగా, రెండోది ఏటవాలుగా, మూడోది ఆవగింజంత సున్నాలు చుట్టినట్టు. ముల్లు ఎప్పుడూ సూదిలా ఉండాలి, మొద్దుబారితే చాళ్లలోకి దిగదు. రోజూ రాత్రి ఆ ఇరవై నాలుగు పెన్సిళ్లూ చెక్కడం నా పని. పెన్సిలు కింద పడకూడదు. పడితే చెక్క బాగానే ఉంటుంది, లోపల ముల్లు ముక్కలు ముక్కలైపోతుంది. చెక్కినకొద్దీ విరిగిన ముక్కలే రాలిపడతాయి. పైకి బాగున్నట్టు కనిపించి లోపల విరిగిన వస్తువుల సంగతి మా ఇంట్లో ఇంకొకరు చెప్పనక్కరలేదు.

రెక్కల సర్పాన్ని మావారు సర్పం అనలేదు. మనవరాలు డ్రాగన్ అంది, ఆయన బొమ్మ మీద వేలు పెట్టి 'యాళి' అన్నారు. నిజమే. గుడి స్తంభాల మీద సింహం ఒళ్లూ ఏనుగు తొండమూ పెట్టుకుని నిలబడే యాళి మనది. రెండు తలల గండభేరుండం మనది. మొసలి నోరూ నెమలి తోకా ఉన్న మకరం మనది. విదేశీ మృగానికి మన పెరటి పేరు పెట్టి, ఆయన దానికి ఎరుపు వేయడం మొదలుపెట్టారు. అక్కడే రైతు బయటపడ్డాడు. నేనైతే ఎరుపుకు ఎర్ర పెన్సిలే తీస్తాను. ఆయన ముందు పసుపు తీశారు. ఎందుకని అడిగితే, మాటకోసం తడుముకుని, "రోజా... అడుగు... పచ్చ" అన్నారు. పూజగదిలోంచి ఎర్రరోజా తెచ్చి రేకు ఊడదీసి చూశాను. రేకు మొదట్లో, తొడిమను అంటిపెట్టుకున్న చోట, పసుపు. పాతికేళ్లుగా మా ఇంట్లో పువ్వులున్నాయి. ఎరుపుకు పునాది పచ్చ అని నేను చూడలేదు, ఆయన మరచిపోలేదు.

అలా అడుగున పసుపు, దాని మీద నారింజ, దాని మీద ఎరుపు రెండు పొరలు, నీడ వచ్చే చోట ముదురు ఎరుపు. పసుపు పొర లేని ఎరుపు గోడకు కొట్టిన రంగులా ఉంటుంది. పసుపు మీది ఎరుపు నిప్పులా లోపలినుంచి వెలుగుతుంది. కారణం సులభమే. పెన్సిలు రంగు పల్చటి పొర, వెలుతురు దానిగుండా కిందికి పోయి కింది పొరనూ కాగితం తెలుపునూ తాకి మళ్లీ పైకొస్తుంది. అన్ని పొరల రంగూ కలిసి మన కంటికి చేరుతుంది. అడుగున ఉన్నది కనపడదు, కాని లేకపోతే తెలుస్తుంది.

నీడకు నల్ల పెన్సిలు వాడకూడదు. నలుపు వేస్తే నీడ రాదు, బొమ్మకు బొక్క పడినట్టవుతుంది. ఎరుపుకు ఎదురు రంగు ఆకుపచ్చ. ఎర్రటి పొలుసు మీద నీడ పడే చోట ఆకుపచ్చను ఒక్క పొర తేలిగ్గా ఆడిస్తే రెండూ ఒకదాన్నొకటి అణుచుకుని మాగిన గోధుమవన్నె నీడ వస్తుంది. పసుపుకు ఊదా, నీలానికి నారింజ అలాగే. మావారు దీనికీ తన దారి వేరే పెట్టుకున్నారు. డిసెంబరు చలిలో ఎర్రరోజా అంచులు నల్లబడతాయి. ఆ నలుపు బొగ్గు నలుపు కాదు, ఎరుపే ముదిరి ముదిరి నలుపైనది. యాళి రెక్కల కొసలకు అదే తెచ్చారు. ఎరుపు మీద ఎరుపు ఆరేడు పొరలు, మధ్యలో ఒక్క పొర ముదురు నీలం. ఒక్క రెక్కకు పదకొండు రోజులు పట్టింది. పదకొండు రోజులూ, రోజుకు నలభై నిమిషాలు, తాకీ తాకనట్టు. పప్పులో రాళ్లు పది నిమిషాలు ఏరని మనిషి.

తరవాతి పేజీలో రాజకుమారి. పెట్టెలో ఒక పెన్సిలు మీద ఇంగ్లీషులో 'స్కిన్' అని అచ్చయి ఉంది. లేత గులాబీ. మా ఇంట్లో గాని మా వీధిలో గాని ఆ రంగు చర్మం ఉన్నవాళ్లు ఎవరూ లేరు. అమెరికాలో ఇలాంటి రంగునే ఒక కంపెనీ 'ఫ్లెష్' అని అమ్మి, 1962లో పేరు మార్చి 'పీచ్' అంది. మన దగ్గరికి మాత్రం ఆ చర్మం ఇంకా వస్తూనే ఉంది. మావారు ఆ పెన్సిలును తీసి చూసి, నా ముంజేతి పక్కన పెట్టి పోల్చి, పెట్టెలో వెనక్కి పెట్టేశారు. అడుగున పసుపు, మీద నారింజ, ఆ మీద గోధుమరంగు, చెంప కింద నీడకు నీలం ఒక తడి. నాలుగు పొరలు. రాజకుమారికి చామనఛాయ వచ్చింది. "ఎవరీమె?" అని అడిగాను. నా వైపు చూసి పేరు పెట్టి పిలిచారు. పూర్తిగా, అక్షరం పోకుండా. జబ్బు పడిన ఎనిమిది నెలలకు.

అప్పటికి వంట ఆలస్యమైంది గాని, ఆ రోజు ఎవరం పట్టించుకోలేదు.

చామనఛాయ ఏ పెట్టెలోనూ దొరకదు. పొరలు వేస్తేనే వస్తుంది. సరిహద్దులో బతికే మన తెలుగు కూడా అలాంటిదేనని ఆ తరవాత చాలాసార్లు అనుకున్నాను. మాది శుద్ధమైన తెలుగు కాదని బయటివాళ్లు అంటుంటారు. తమిళం కలిసిందంటారు, కన్నడం కలిసిందంటారు. కలవక ఎక్కడికి పోతుంది? తరతరాలుగా పొరలు పడ్డాయి. కాని పొరలు వేరు, రుద్దడం వేరు. పై పొర తేలిగ్గా పడితే కింది రంగు దానిలోంచి వెలుగుతుంది. గట్టిగా రుద్దితే కింది రంగు ఉండేదని కూడా తెలియదు. 2006లో తమిళనాడులో తమిళం నిర్బంధంగా నేర్చుకోవాలని చట్టం వచ్చింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలై ఏడాదికొక తరగతి చొప్పున 2015-16కు పదో తరగతిని చేరేలా దాన్ని రాశారు. తమిళం నేర్చుకోవడంలో మాకు ఏ కష్టమూ లేదు, అది అన్నం పెట్టే భాష, మావారికి బేరం నేర్పిన భాష. కాని కింద తెలుగు పొర పడకముందే పై పొరలన్నీ ఒకేసారి గట్టిగా రుద్దితే పిల్లల కాగితంలో చాళ్లు నిండిపోతాయి. తరవాత ఎప్పుడో తీరిక దొరికి తెలుగు నేర్చుకుందామన్నా పట్టదు. తెలుగు తరగతిలో పిల్లల సంఖ్య ఏడాదికేడాది తగ్గడం హాజరు పట్టీలో చూసినదాన్ని గనక చెబుతున్నాను. ఇందులో ఒక ప్రభుత్వాన్నే అనడానికీ లేదు. మా మనవరాలు చదివేది బెంగుళూరు ఇంగ్లీషు బడిలో. అక్కడ ఏ చట్టమూ అడ్డురాకపోయినా దానికి తెలుగు చదవడం రాదు.

పోయిన దసరా సెలవులకు అది మళ్లీ వచ్చింది. తాత వేసిన యాళిని చూసి నోరు తెరిచింది. తనకూ నేర్పమంది. నేర్పేది తాత, మాటలు తక్కువ, అవీ తెలుగే. "అవ్వా, తాత ఏదో కలర్ అడుగుతున్నాడు" అని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేది. "ఏమన్నారు?" అంటే "నేరేడు" అనేది. ఊదా పెన్సిలు నేరేడు పండయింది. లేత ఆకుపచ్చ చిలకపచ్చ. ముదురుది ఆకుపచ్చ. మరీ ముదురుది, తాత పెట్టిన పేరు, గానుగాకు. బూడిద రంగు పేరు పొద్దుటి కొండ, ఎందుకంటే మా మిద్దె మీదనుంచి చూస్తే తెల్లవారుజామున చంద్రచూడేశ్వర స్వామి కొండ ఆ రంగులోనే ఉంటుంది. దూరాన ఉన్న కొండలు గాలి పొరల వెనక పడి నీలిబూడిదగా కనబడతాయి. బొమ్మలో దూరాన్ని చూపించాలంటే అదే కిటుకు, దగ్గరివి ముదురుగా, దూరానివి లేతగా చల్లటి రంగుల్లో. మూడో రోజుకు పిల్ల ఈ పేర్లన్నీ చిన్న కాగితం ముక్కల మీద రాసి పెన్సిళ్లకు అతికించమంది. తెలుగులోనే రాశాను. "నాకు చదవడం రాదు కదవ్వా" అంది. "రంగు చూసి చదువు" అన్నాను. పది రోజుల్లో ఇరవై నాలుగు మాటలు చదివింది. అది అక్షరాలు గుర్తుపట్టిందో, రంగులు గుర్తుపట్టిందో ఇప్పుడే చెప్పలేను. నాకైతే రెండూ ఒకటే. నేను కూడా బొమ్మలు చూసే చందమామ చదివాను.

ఇదంతా చదివి రంగులు వేస్తే జబ్బు నయమవుతుందని ఎవరూ అనుకోకండి. మందులున్నాయి, వ్యాయామం ఉంది, ఆ అమ్మాయి పట్టుదల ఉంది, కాలం ఉంది. రంగులు చేసిందల్లా ఆయనను రోజుకు నలభై నిమిషాలు ఇష్టంగా కూర్చోబెట్టడం. తమిళం చాలావరకు తిరిగొచ్చింది. పూల మండీ అబ్బాయి ఇంటికొస్తే ధర దగ్గర తేడా చెయ్యనివ్వరు. కన్నడం అర్థమవుతుంది, పలకడం తక్కువ. తెలుగులో చిన్న చిన్న వాక్యాలు. పెద్ద వాక్యం మొదలుపెడితే మధ్యలో ఆగి నా వైపు చూస్తారు, నేను అందిస్తాను. కుడిచేత్తో సంతకం పెడతారు, కత్తెర ఇంకా పట్టలేరు. ఎంత తేలిగ్గా వేసినా ఏ కాగితానికైనా ఒక హద్దు ఉంటుంది. పొరలు పడీ పడీ మైనం నిండిపోయాక ఇంక పట్టదు. అక్కడ ఆపడం కూడా నేర్చుకోవాలి.

ఆపే ముందు ఒక పని మిగిలి ఉంటుంది. తెల్ల పెన్సిలు గాని, లేత రంగు గాని తీసుకుని, ఈసారి మాత్రం గట్టిగా, మొత్తం మీద రుద్దుతారు. కింది పొరలన్నీ కలిసిపోయి నగకు మెరుగు పెట్టినట్టు మెరుస్తాయి. గట్టిగా రుద్దే హక్కు చిట్టచివరి పొరకే. ముదురు రంగులైతే కొన్నాళ్లకు పైన బూజులాంటి తెల్లటి మసక పడుతుంది. కంగారుపడనక్కరలేదు, మైనం పైకి తేలడమే అది. మెత్తటి నూలు గుడ్డతో తుడిస్తే పోతుంది, కింది రంగు ఎక్కడికీ పోదు.

ఇప్పుడు ఆయన పుట్టగొడుగుల ఇంటి దగ్గరున్నారు. గొడుగుకు ఏ రంగో ఇంకా తేలలేదు. అడిగితే పచ్చ అంటున్నారు. ఏ పచ్చో మాత్రం చెప్పడం లేదు.